రంగూనమ్మ జామీను

జిల్లా పోలీసు ఆఫీసులో విదేశీయుల సెక్షన్ అంటే ఒక బల్ల, దాని వెనక ఒక హెడ్ కానిస్టేబులు, ఒక ఇనుప బీరువా. గోడ వారన బెంచీ ఉంది. ఏటా ఆ బెంచీ మీద ఆ చివర సుశీలమ్మ, ఈ చివర ఆమె భర్త సీతయ్య కూర్చునేవాళ్లు. పేరు పిలిస్తే సీతయ్యే లేచేవాడు. అందుకే ఈసారి పిలుపు వచ్చినా ఆమె వెంటనే లేవలేదు.

"ఖిన్ మ్యా! సుశీలమ్మా, నిన్నే."

ఆమె లేచి చెంగు సర్దుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు, కవరులోంచి నివాస అనుమతి పుస్తకం తీసి రెండు చేతులతో ముందు పెట్టింది. ఫోటోలో ఆమెకు ఇరవై నాలుగేళ్లు. జుట్టు నడినెత్తిన ముడి వేసుకుని ఉంది. రంగూను నుంచి ఓడ దిగిన ఏడు తీయించిన ఫోటో అది. పుస్తకంలో పేరు ఖిన్ మ్యా. సుశీల అనేది అత్తగారు పెట్టిన పేరు. ఊళ్లో మాత్రం అందరికీ రంగూనమ్మ.

హెడ్ కానిస్టేబులు హాతీరాం పుస్తకం తెరవకుండా ఆమె వెనకకు చూశాడు.

"సీతయ్య ఏడి? బీడీ కాల్చుకుంట బైట నిలబడ్డడా?"

"లేరండి. ఆషాఢంలో పోయారు."

"ఏందీ? ఎట్ల?"

"జ్వరం వచ్చింది. కొత్తగూడెం దవాఖానాలో చేర్చేసరికే మెదడుకెక్కిందన్నారు."

హాతీరాం పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. తర్వాత పుస్తకం తెరిచి, ఒక్కో పేజీ వేలు తడి చేసుకుని తిప్పి, కిందటి ఏటి ముద్ర దగ్గర ఆగాడు.

"ఇండియా దేశస్థుని భార్య అని రాసి ఉన్నదమ్మా ఇక్కడ. గందుకే ఉండనిస్తున్నరు. ఇప్పుడేం కారణం రాయాలె?"

"ఆయన భార్యనే కదండీ."

"నాకు తెలుసు. నేను రాసి పైకి పంపితే డీఎస్పీ సాబు అడుగుతడు." ఆయన స్వరం తగ్గించాడు. "పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకొమ్మని మీ ఆయనకు రెండు మూడు సార్లు చెప్పిన. చెప్పలేదా నీకు?"

"చెప్పారు. మౌల్మేనులో మా అమ్మ బతికున్నన్నాళ్లూ నేనే వద్దన్నాను. ఆ తర్వాత ఆయన చూద్దాం, చూద్దాం అంటూ వచ్చారు."

హాతీరాం తల ఊపాడు. చూద్దాం అనే మాట ఆ బల్ల ముందు ఆయన చాలాసార్లు విన్నవాడే.

"అది ఇప్పుడు పెట్టినా ఏండ్లు పడ్తది. ముందు ఈ ఏడు సంగతి చూడాలె. ఎవరన్న జామీను ఉండాలె నీకు. మీ ఆయన తరఫోళ్లు గానీ, ఊరి సర్పంచి గానీ. ఈమె బాధ్యత మాది, నడవడి మంచిది, ఏ గొడవల్ల లేదు అని రాసియ్యాలె. అసలే మీ దిక్కు అడవి. అన్నలు తిరుగుతున్నరు. నువ్వేమో సంతలకు పోతవట."

"చుట్టలు అమ్ముకుంటానండి."

"నేను కాదంటున్ననా? శుక్రవారం దాంక టైమున్నది. దాటిందనుకో, నా చేతుల ఉండదు. దేశం ఇడిసిపొమ్మని నోటీసిస్తరు."

"ఏ దేశం పొమ్మంటారండీ?"

ఆమె ఎదురు మాట్లాడిందనుకున్నాడు హాతీరాం. ముఖం చూశాక కాదనుకున్నాడు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆయన పుస్తకం కవరులో పెట్టి ఆమె వైపు జరిపాడు.

"జామీను తెచ్చుకోపో అమ్మా. జల్దీ రా."

బస్టాండులో సత్తుపల్లి బస్సు ఎక్కి ఆమె వైరాకు టిక్కెట్టు తీసుకుంది. సీతయ్య అన్నగారు చెంచురామయ్య ఉండేది అక్కడే. చెరువు కాలువ కింద ఆయనకు మాగాణి ఉంది. అన్నదమ్ములిద్దరూ గోదావరి అవతలి నుంచి వచ్చినవాళ్లే. పెద్దవాడు భూమి కోసం ఇటు వచ్చాడు. చిన్నవాడు బియ్యం మిల్లు పని కోసం రంగూను వెళ్లి, అక్కడ వ్యాపారాలన్నీ సర్కారు తీసుకున్న ఏడు భార్యతో వెనక్కి వచ్చి, అడవి అంచున ఎర్రమద్దిపాడులో నిలబడ్డాడు.

ఆమె వెళ్లేసరికి తోటికోడలు సుబ్బరత్నం వాకిట్లో నారుమడి కూలీలకు అన్నం క్యారియర్లు కడుతోంది. "రా సుశీలా, సమయానికొచ్చావు," అని లోపలికి చూపించింది. లోపలి గదిలో అత్తగారు భారతమ్మ మంచం మీద ఉంది. పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. సుబ్బరత్నం వేన్నీళ్ల గిన్నె, పాత గుడ్డ తెచ్చి, ఏమీ చెప్పకుండానే సుశీలమ్మ చేతికిచ్చి వెళ్లిపోయింది.

సుశీలమ్మ ముసలామెను పక్కకు ఒత్తిగిలించింది. వీపు మీద పడక పుండు మొదలవుతోంది. దాని చుట్టూ మెల్లగా తుడిచి, పొడిబట్ట అద్ది, పౌడరు చల్లి, చీర మార్చింది. భారతమ్మ కుడిచెయ్యి ఒక్కటే పనిచేస్తుంది. ఆ చేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది.

"పోబోకే సుశీలా," అంది. నోరు ఒక పక్కకు పోవడంతో మాట ముద్దగా వచ్చింది.

ఇరవై రెండేళ్ల కిందట ఇదే భారతమ్మ, కోడలు తాకిన బిందె కడిగించి గాని నీళ్లు ముట్టేది కాదు. ఎప్పుడు మారిందో సుశీలమ్మకు గుర్తు లేదు. చేయి విడిపించుకోకుండా కాసేపు అలాగే కూర్చుంది.

సాయంత్రం చెంచురామయ్య పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని విషయం విన్నాడు. ఆలోచించనైనా ఆలోచించలేదు.

"దానికేం, నేను సంతకం పెడతాను. నా తమ్ముడి భార్యకు నేను కాక ఇంకెవరు పెడతారు? రేపే వస్తాను ఖమ్మం. మార్కెట్ యార్డులో పని కూడా ఉంది నాకు."

సుశీలమ్మ చేతులు జోడించింది.

"అడ్రసు మాత్రం వైరాదే రాయించాలి," అన్నాడు. "అడవి పక్కన ఒక్కదానివీ ఏం ఉంటావు? కొట్టం పక్కన గది ఊడిపించాను. అమ్మకూ నీ చెయ్యే అలవాటు. మీ అక్క నడుము పని చేయట్లేదు. ఒకసారి అడ్రసు రాశాక పోలీసులనడక్కుండా ఎటూ పోకూడదటగా? మంచిదే. నీకూ ఒక కట్టడి ఉంటుంది."

"చుట్టల పని ఉంది బావగారూ. ఆకు తెచ్చి పెట్టుకున్నాను."

"ఇంకా ఎందుకమ్మా ఆ సంతలు? మా ఇంటి ఆడది సంతలో కింద కూర్చుని కోయోళ్లకు చుట్టలమ్ముతోందంటే వినడానికి నాకే సిగ్గుగా ఉండేది. తమ్ముడున్నాడని ఊరుకున్నాను."

ఆయన కోపంగా అనలేదు. అన్నం కలుపుకుంటూ, ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పాడు. సుశీలమ్మ గది చూసింది. నులక మంచం, మేకుకు లాంతరు. గోడకు అవతల గేదె నెమరువేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. గది శుభ్రంగానే ఉంది.

తెల్లవారి, ఖమ్మం వెళ్లడానికి చెంచురామయ్య తెల్ల చొక్కా తొడుక్కుంటుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "ఆలోచించుకుని చెబుతాను బావగారూ," అంది.

ఆయన గుండీ పెట్టుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"ఆలోచించడానికేముంది ఇందులో?"

ఆమె లోపలి గదిలోకి వెళ్లి అత్తగారి దుప్పటి సరిచేసింది. భారతమ్మ కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందో, చూడడం ఇష్టం లేదో తెలియలేదు. సుశీలమ్మ సంచీ తీసుకుని చండ్రుగొండ బస్సు కోసం నడిచింది.

ఇంటికి చేరాక ఆమె చేసిన మొదటి పని పొగాకు చూసుకోవడం. తడిగోనె కింద మడిచిపెట్టిన ఆకు మెత్తబడి, తెరవగానే ఘాటు కొట్టింది. పీట ముందు కూర్చుని ఒక్కో ఆకూ తొడ మీద పరిచి, ఈనె చీల్చి తీసింది. చిన్న ముక్కలు లోపలికి, పెద్ద ఆకు పైకి. అరచేతి కింద పెట్టి దొర్లిస్తే చుట్ట బిగుస్తుంది. ఎక్కువ బిగిస్తే పొగ రాదు, వదులైతే నోట్లోకి పొడి వస్తుంది. చివర గంజి రాసి అంటించి, నోట పెట్టుకునే వైపు మొక్కజొన్న పొత్తు రేకు చిన్నగా చుట్టి లోపలికి దోపింది. అది మౌల్మేనులో ఆమె తల్లి చేసే పద్ధతి. ఇక్కడి చుట్టలకు అలా ఉండదు. నోరు మండదని అడవి గూడేల ఆడవాళ్లు ఆమె దగ్గరే కొనేవాళ్లు. ఆమె రాని సంతలో చుట్టలు కొనకుండా వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు.

పొద్దుగూకేదాకా చుట్టింది. వైరాలో తన గదిలో ఈ పీట ఎక్కడ పెట్టుకోవచ్చో ఆలోచించి చూసింది. మంచం కింద పడుతుంది. అక్కడే ఉండిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఉపసర్పంచి బసవపున్నయ్య ఇంటికి వెళ్లింది. ఊళ్లో మిరప, పొగాకు ఎక్కువగా పండేది ఆయన పొలాల్లోనే. ఏజెన్సీ ఊరు కాబట్టి సర్పంచి పదవి కోయవాళ్లకే దక్కుతుంది. సర్పంచి పోతయ్య. కానీ పుట్టినా చచ్చినా, కరెంటు మీటరు కావాలన్నా జనం వచ్చేది బసవపున్నయ్య అరుగు దగ్గరికే. కాగితాలు ఆయన రాయించేవాడు. పోతయ్య సంతకం పెట్టి వెళ్లేవాడు. ముద్ర బసవపున్నయ్యే తన దగ్గర పెట్టుకుని వేసుకునేవాడు.

"రామ్మా," అన్నాడు బసవపున్నయ్య కాఫీ గ్లాసు పక్కన పెట్టి. "నిన్న యార్డులో మీ బావగారు కలిశారు. అంతా చెప్పారు. పెద్దమనిషి. ఈ రోజుల్లో అలా చూసుకునేవాళ్లు ఎవరుంటారు?"

"నేను ఇక్కడే ఉందామనుకుంటున్నానండి. సర్పంచి కాగితం ఇచ్చినా చాలన్నారు. మీరు దయతలిస్తే..."

"ఇంటి మనిషి ఉండగా ఊరి కాగితం ఎందుకమ్మా? అదీగాక ఇది పోలీసుల వ్యవహారం. రేపు నువ్వు చుట్టలమ్మిన గూడెంలో ఏదైనా జరిగిందనుకో, ఎవరి పేరు చూస్తారు? మన పేరు. ఆ పోతయ్య అమాయకుడు, వాణ్ణి ఇందులోకి దింపడం పాపం." ఆయన లేచాడు. "మీ బావగారికి మాట కూడా ఇచ్చాను, నచ్చజెప్పి పంపుతానని. ఆ ఇంటి సంగతి దిగులు పడకు. మా పొగాకు బేళ్లు పెట్టుకోవడానికి పనికొస్తుంది, నేను చూసుకుంటాను."

ఆమె అరుగు దిగింది. ఇద్దరు మగవాళ్లు మిరపకాయల బస్తాల మధ్య నిలబడి తన ఇంటి సంగతి, తన సంగతి తేల్చుకున్నారని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇంటివైపు తిరగకుండా పొలాల దారి పట్టింది.

బసవపున్నయ్య మిరపతోటలో ఆడకూలీలు వరసల్లో వంగి పండుకాయలు కోస్తున్నారు. నూనె ఇంజను దడదడ కొడుతోంది. సర్పంచి పోతయ్య పంచె ఎగ్గట్టి, పారతో ఒక మడవ మూసి ఇంకో మడవ తెరుస్తున్నాడు. వరసలో ఆ చివర అతని భార్య ముత్తక్క ఉంది. ఆమె చెవి మీద సగం కాల్చిన చుట్ట ఉంది. సుశీలమ్మ చుట్టిందే.

"పోతన్నా," అంది సుశీలమ్మ గట్టు మీద నిలబడి. "నాకు జామీను కావాలి."

సంగతంతా చెప్పింది. ఇంజను చప్పుడుకు కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. పోతయ్య వింటూనే మడవ చూసుకుంటున్నాడు.

"నేనేం జామీను రంగూనమ్మా? మమ్ములనే ఫారెస్టోళ్లు అడుగుతరు, ఈడికి ఎప్పుడొచ్చిండ్రు, కాగితం చూపెట్టుండ్రి అని. మా తాత గోరీ చూపెట్టినం. చెల్లదన్నరు."

"నువ్వు సర్పంచివి కదా."

పోతయ్య నవ్వాడు. "అవ్, సర్పంచినే," అని పారతో మట్టి లాగాడు. "ముద్ర బాబు ఇంట్ల బీరువాల ఉంటది. ఆయన కాదన్నంక నేనేం జేస్త?"

ముత్తక్క నవ్వలేదు. కాయల బుట్ట కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని, తమ భాషలో అతనితో ఏదో అంది. సంతల్లో విని విని ఆ భాష సుశీలమ్మకు కొద్దిగా పట్టుబడింది. బీరువా, ముద్ర, మగవాడు అన్న మాటలు తెలిశాయి. మిగతాది ముత్తక్క ముఖంలో తెలిసింది. పక్క వరసలో ఇద్దరు ఆడవాళ్లు కిసుక్కున నవ్వి తల దించుకున్నారు.

నీళ్లు మడి దాటి గట్టు మీదకి వస్తున్నాయని ఎవరో అరిస్తే పోతయ్య అటు పరుగెత్తాడు. సుశీలమ్మ కొంచెంసేపు చూసి వెనక్కి వచ్చేసింది.

గురువారం పొద్దు వంగుతుండగా ఆమె సంచీలో చీరలు సర్దుతోంది. తెల్లవారి మొదటి బస్సుకు వైరా వెళ్లి, చెంచురామయ్యను వెంటబెట్టుకుని ఖమ్మం పోవాలని నిశ్చయించుకుంది. పీట మీద చుట్టాల్సిన ఆకు ఇంకా ఉంది. దాన్ని ముత్తక్కకు ఇవ్వాలా, పారేయాలా అని చూస్తుండగా పోతయ్య వాకిట్లోకి వచ్చాడు. భుజం మీద తువ్వాలు తీసి విప్పాడు. అందులో చెక్కపిడి ముద్ర, రేకు డబ్బాలో సిరా మెత్త ఉన్నాయి.

"ఎట్లా తెచ్చావు?"

"బాబు పెండ్లికి సత్తుపల్లి పోయిండు. అమ్మగారిని అడిగిన. అమ్మా, ముద్ర కావాలె అన్న. ఇచ్చింది." అతను తనే ఇంకా నమ్మలేనట్టు చూశాడు. "అడిగితే ఇచ్చింది. గింతే. బాబే పంపిండనుకున్నదేమో."

"ఆయన వస్తే?"

"రేపు పొద్దుగూకి వస్తడట." పోతయ్య ముద్రను మళ్లీ తువ్వాలులో చుట్టాడు. "కాగితం నాకు రాయరాదు. సంతకం వస్తది. రాసేటోళ్లు ఖమ్మంల ఉంటరు గద? పొద్దుగాల్ల పోదాం."

బస్సులో అతను మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. వైరాలో బస్సు ఆగినప్పుడు సుశీలమ్మ కిటికీ లోంచి చూసింది. చెంచురామయ్య వీధి మలుపు కనిపించింది. భారతమ్మ వీపు ఈరోజు ఎవరు తుడుస్తారో అనుకుంది. బస్సు కదిలేదాకా మలుపు వైపే చూస్తూ ఉంది. దిగలేదు.

ఆఫీసు బయట చెట్టుకింద పెట్టెమీద కాగితాలు రాసే ముసలాయన వాళ్లు చెప్పింది విని జామీను కాగితం రాసి చదివి వినిపించాడు. లోపల హాతీరాం కాగితం అందుకుని, ఆమె వెనక నిలబడ్డ మనిషిని చూశాడు. మోకాళ్ల దాకా పంచె, నీళ్ల పనికి పగిలిన పాదాలు.

"ఈయనెవరు?"

"మా సర్పంచి గారండి."

హాతీరాం కుర్చీలో కొంచెం నిటారుగా అయ్యాడు. "సర్పంచి గారే వచ్చిండ్రా? కూసోండి."

పోతయ్య పక్కకు తిరిగి చూశాడు, ఎవరితో అంటున్నాడా అని.

"మిమ్ముల్నే సర్పంచి గారూ. కుర్చీ ఉన్నది, కూసోండి."

పోతయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. మూట ఒళ్లోనే ఉంది. హాతీరాం కాగితం చదువుతూ అడిగాడు.

"ఈమె మీకెట్ల ఎరుక?"

"మా ఊరామె."

"ఊరామె కాదు గద. బర్మా ఆమె."

"అవ్," అన్నాడు పోతయ్య. "బర్మా ఆమెనే. మా ఊరామె."

హాతీరాం కాగితం మీద వేలు కిందికి జరిపి, "ఏ గొడవల్లన్న ఉన్నదా?" అని అడిగాడు.

"చుట్టలు చుడ్తది. మా ఆడోళ్లకు అప్పిస్తది. మొన్న మా పక్కింటామె నొప్పులు పడ్తుంటే, బండి కట్టించి దవాఖానాకు తీస్కపోయింది. ఇంకేం గొడవ?"

"సంతకం పెట్టి ముద్ర వెయ్యుండ్రి."

పోతయ్య సంతకం పెట్టాడు. మూడక్షరాలకు చాలాసేపు పట్టింది. ప్రతి అక్షరానికీ పెదవులు కదిలాయి. తర్వాత మూట విప్పి ముద్ర తీసి సిరా మెత్త మీద అద్ది, కాగితం మీద బలంగా నొక్కాడు. తీసి చూస్తే తలకిందులుగా పడింది. పోతయ్య ముఖం నల్లబడింది. సర్పంచి అయి మూడేళ్లు దాటినా ఆ ముద్ర పిడి ఎటు పట్టుకోవాలో అతనికి తెలియదు. ఎన్నడూ పట్టుకోలేదు.

హాతీరాంకు అర్థమైంది. ఆయన తండా నుంచి వచ్చినవాడు. ముద్రలు ఎవరి ఇళ్లలో ఉంటాయో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. కాగితం తిప్పి పోతయ్య ముందు పెట్టాడు.

"పిడి మీద గాటు ఉంటది చూడుండ్రి. అది మీ వైపు పెట్టుకోవాలె. పక్కన ఇంకోటి వెయ్యుండ్రి."

రెండోది సరిగా పడింది. పోతయ్య వంగి దాన్ని చూశాడు. చదవలేకపోయినా చాలాసేపు చూశాడు.

డీఎస్పీ సంతకం కోసం మధ్యాహ్నం దాటేదాకా కూర్చోవాల్సి వచ్చింది. సుశీలమ్మ తెచ్చిన సద్ది ఇద్దరూ వరండా మెట్ల మీద తిన్నారు. పుస్తకం తిరిగి వచ్చాక హాతీరాం ఆమెకు పేజీ చూపించాడు. ఇంకో ఏడాది. కారణం అన్నచోట ఆయన ఇండియా దేశస్థుని భార్య అన్నదాంట్లో భార్య కొట్టేసి వితంతువు అని రాశాడు. పక్కనే, ఎర్రమద్దిపాడు నివాసి అని రాశాడు.

"దరఖాస్తు సంగతి చూసుకో అమ్మా. మల్ల చూద్దాం అనకు."

"అననండి," అంది.

తిరుగు బస్సు ఎర్రమద్దిపాడు చేరేసరికి పొద్దుగూకుతోంది. స్టేజీ దగ్గర బసవపున్నయ్య మోటారుసైకిలు ఆపుకుని దాని మీదే కూర్చుని ఉన్నాడు. పెళ్లిబట్టలు ఇంకా మార్చుకోలేదు. టీకొట్టు దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు.

"ఏం పోతయ్యా, ఊళ్లు తిరుగుతున్నావట," అన్నాడు. కోపం పైకి కనిపించనివ్వలేదు. చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు."

పోతయ్య బస్సు మెట్టు దిగిన చోటే నిలబడిపోయాడు. ఖమ్మంలో కుర్చీలో కూర్చున్న మనిషి వేరు, ఇక్కడ నిలబడ్డ మనిషి వేరు. అతని చెయ్యి తువ్వాలు ముడి మీదికి పోయింది. ముడి విప్పుతోంది.

సుశీలమ్మ అతని చెయ్యి చూసింది. బసవపున్నయ్య చాపిన చెయ్యి చూసింది. పొగాకు ఆకు ఆయన పొలంలోదే కొనాలి. ఇంటికి ఏ కాగితం కావాలన్నా ఆయన దయే. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది.

"ముద్ర సర్పంచి గారి దగ్గరే ఉండాలన్నారండి, ఎస్పీ ఆఫీసులో," అంది. ఆమె గొంతులో వినయం అలాగే ఉంది. "ఎవరింట్లో ఉంటుందని అడిగారు. పోతయ్యగారి దగ్గరే అని చెప్పాం. అదీ రాసుకున్నారు."

అక్కడ అలా ఎవరూ అడగలేదు. ఎవరూ రాసుకోలేదు.

"ఎవరు అడిగింది?" అన్నాడు బసవపున్నయ్య.

"పెద్ద సారేనండి."

టీకొట్టు దగ్గర గ్లాసుల చప్పుడు ఆగింది. బసవపున్నయ్య చాపిన చెయ్యి అలాగే కాసేపు ఉంది. తర్వాత ఆ చేత్తోనే మోటారుసైకిలు అద్దం సరిచేసుకున్నాడు.

"సరే, మంచిదేగా. జాగ్రత్తగా పెట్టుకో, పారేసుకునేవు," అన్నాడు పోతయ్యతో. బండి స్టార్టు చేశాక మళ్లీ తిరిగాడు. "రేపు కింది మడికి నీళ్లు పెట్టాలి. తెల్లారేసరికి రా."

"చూస్త బాబూ," అన్నాడు పోతయ్య.

ఆ మాట విని బసవపున్నయ్య అతని వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. మోటారుసైకిలు చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరూ కదలలేదు. తర్వాత గూడెం దారీ, ఊరి దారీ చీలేచోటు దాకా కలిసి నడిచారు. అక్కడ పోతయ్య ఆగాడు.

"గట్ల అడిగిండ్రా రంగూనమ్మా? నాకు ఇనబడలే."

"అడగలేదు."

పోతయ్య ఆమెను తేరిపార చూశాడు. అతని ముఖంలో భయం వచ్చింది.

"మరి రేపు బాబు పోయి అడిగితే?"

సుశీలమ్మ సంచీ ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"ఎస్పీ ఆఫీసుకు పని లేకుండా ఎవరు పోతారు పోతన్నా?" అంది, ఊరి దారిలోకి తిరుగుతూ.